ఎవులన్న మాట బాబూ అది? బైబిల్‌ను సరిగ్గా చదివి అర్థం చేసుకునే పద్ధతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పది రోజుల తర్వాత మా సంఘం వాళ్లం బియ్యం, దుప్పట్లు పట్టుకుని వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరికి వెళ్లాం. శ్రీకాకుళం తీరంలోని ఈ ఉద్దానంలో కొబ్బరి తోట ఉంటే ఇంటి ఖర్చు, పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి అన్నీ అందులోంచే నడుస్తాయి. ఆ తోటలన్నీ మొవ్వులు (చెట్టు తలలో చిగురు వేసే చోట్లు) విరిగిపోయి, వేళ్లతో సహా లేచిపోయి, ఒకే దిక్కుకి పడి ఉన్నాయి. పడిపోయిన ఒక చెట్టు మొద్దు మీద ఒక మామ్మ కూర్చుని ఉంది. ఆమెను ఓదార్చాలని నా బైబిల్లో పెట్టుకున్న వాగ్దానం కార్డు తీసి చదివాను. ఏడాదికొక బైబిల్ వచనం రాసి సంఘంలో ఇచ్చే కార్డు అది, ఆ ఏడాది వాచ్‌నైట్ సర్వీసులో, అంటే కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో, నాకు వచ్చింది. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7.

మామ్మకి చదువు రాదు. వాక్యం శ్రద్ధగా విని, "ఎవులన్న మాట బాబూ అది?" అని అడిగింది.

దేవుడన్న మాట అని చెప్పబోయి ఆగిపోయాను. నిజంగా నాకు తెలీదు. పదేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను, ఆ వచనం కంఠతా వచ్చు. అది ఎవరి నోటి మాటో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఎనిమిదో అధ్యాయం మొదటి నుంచి చదివాను. బైబిల్ చదవడం నేను మళ్లీ నేర్చుకున్నది అక్కడి నుంచే. అలా నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇందులో పెద్ద చదువులు అవసరమయ్యేది ఏదీ లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

మన ఇళ్లలో ఉండే పాత అనువాదం ఒకటి, వాడుక భాషలో వచ్చిన అనువాదం ఇంకొకటి. రెండో పుస్తకం కొనక్కర్లేదు, ఫోన్‌లో యూవెర్షన్ యాప్ పెట్టుకుంటే తెలుగు అనువాదాలు ఒకటి కంటే ఎక్కువే దొరుకుతాయి. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిల్. చదివేటప్పుడు మాత్రం అచ్చు పుస్తకంలోనే చదవండి. ఫోన్‌లో ఒకేసారి కొద్ది వచనాలే కనిపిస్తాయి, వాటి పైనా కిందా ఏముందో కంటికి ఆనదు. కూర్చోగానే ప్రార్థన చేసుకోండి. "ప్రభువా, నేను వినాలనుకున్నది కాదు, నువ్వు చెప్పింది వినిపించు" అంటే చాలు.

మొదటి మెట్టు: వచనం కాదు, మొత్తం చదవండి

అపొస్తలుడైన పౌలు తొలి సంఘాలకి ఉత్తరం రాసినప్పుడు అందులో అధ్యాయాల అంకెలు లేవు, వచనాల అంకెలు లేవు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధన వచనాలకు ఈ అంకెలు 1551లో వేశారు. వెతుక్కోవడానికి అవి చాలా ఉపయోగం. కానీ ఆ అంకెల వల్లే ఉత్తరాన్ని ముక్కలు ముక్కలుగా చదవడం మనకి అలవాటైపోయింది. చెన్నైలో పనికెళ్లిన కొడుకు ఉత్తరం రాస్తే, మధ్యలో ఒక్క వాక్యం కత్తిరించి గోడకి అతికించే తల్లి ఉంటుందా?

ఫిలిప్పీయులకు రాసిన పత్రికతో మొదలుపెట్టండి. నాలుగే అధ్యాయాలు, అరగంటలో అయిపోతుంది. వారం రోజులు, రోజుకొకసారి మొత్తం చదవండి. మూడో రోజుకి ఒక సంగతి తెలుస్తుంది, ఇది బంధకాల్లో ఉన్న మనిషి రాసిన ఉత్తరం అని. ఐదో రోజుకి ఇంకొకటి, ఫిలిప్పీ సంఘం వాళ్లు పంపిన సహాయం అందిందని కృతజ్ఞతతో రాస్తున్నాడని. అప్పుడు 4:13కి రండి. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." మన ఊళ్లలో డీఎస్సీ రాసే పిల్లలు, ఆర్మీ సెలక్షన్లకి పరిగెత్తే పిల్లలు ఈ వాక్యం హాల్ టికెట్ వెనకాల రాసుకుంటారు. దాని పై వచనంలో పౌలు ఏమంటున్నాడు? దీనస్థితిలో ఉండటం తెలుసు, సంపన్నస్థితిలో ఉండటం తెలుసు, కడుపు నిండినా ఆకలిగా ఉన్నా ఉండటం నేర్చుకున్నానంటున్నాడు. "సమస్తము" అంటే అదీ. సెలక్షన్ వచ్చిన పిల్లాడికీ ఆ మాట పనికొస్తుంది, రాని పిల్లాడికి ఇంకా ఎక్కువ పనికొస్తుంది. రెండోవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

రెండో మెట్టు: ఎవరు, ఎవరితో అన్నారు

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. మామ్మ అడిగిన ప్రశ్న ఇదే.

యోబు 8:7 మాటలు బిల్దదువి. యోబును పరామర్శించడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో అతనొకడు. యోబుకి ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పెద్దన్న ఇంట్లో అందరూ భోజనాలు చేస్తుంటే గొప్ప సుడిగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలూ కొట్టింది. ఇల్లు కూలి పది మందీ ఒకేసారి పోయారు. ఆ తండ్రి ఎదురుగా కూర్చుని బిల్దదు 8:4లో అన్నదేమిటంటే, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లని అప్పగించాడేమో అని. ఆ వెంటనే, నువ్వు పవిత్రంగా ఉంటే దేవుడు నిన్ను వర్ధిల్లజేస్తాడని చెప్పి, దానికి కొనసాగింపుగా అన్నది మన కార్డు మీది మాట. అంటే నేను గాలికి తోట పోగొట్టుకున్న మనిషి దగ్గరికెళ్లి, గాలికి పిల్లల్ని పోగొట్టుకున్న మనిషిని గాయపరిచిన మాట చదివానన్నమాట.

ఇంకా ముందుకెళ్లండి. 42:7లో దేవుడే ఎలీఫజుతో మాట్లాడతాడు. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు, నా కోపం నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా మండుతోందని అంటాడు. ఆ ఇద్దరిలో ఒకడు బిల్దదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. చివర్లో యోబు మొదటికంటే ఎక్కువగా ఆశీర్వదించబడ్డాడు కదా, మరి బిల్దదు చెప్పింది జరిగినట్టే కదా? నిజమే, 42:12లో అలాగే ఉంది. కానీ జరిగింది బిల్దదు చెప్పిన కారణం వల్ల కాదు. దాచుకున్న పాపం ఒప్పుకుంటే బాగుపడతావన్నది స్నేహితుల లెక్క. ఆ లెక్కనే దేవుడు కొట్టేశాడు. యోబు తన స్నేహితుల కోసం ప్రార్థించాక అతని స్థితి మారింది. కాబట్టి ఆ వచనాన్ని చింపి పారేయక్కర్లేదు, దాన్ని దాని చోటులోనే ఉంచి చదవాలి.

అందుకే ఏ భాగం చదివినా నోటుబుక్కులో మూడు గీతలు గీసి రాయండి. మాట్లాడేది ఎవరు? వినేది ఎవరు? ఏ పరిస్థితిలో? ఈ మూడింటికీ జవాబు రాసేదాకా "ఇందులో నాకేముంది" అన్న ప్రశ్న ఎత్తకండి. అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా చదువుకుంటూ ఫిలిప్పును అడిగింది ఇలాంటి ప్రశ్నే. ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా, వేరొకరి గురించా అని. ఫిలిప్పు ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి యేసు దాకా తీసుకెళ్లాడు.

తెలుగు చదివేవాళ్లకి ఇక్కడ ఒక మేలు ఉంది. మన పాత అనువాదంలో దేవుణ్ణి కూడా "నీవు" అనే అంటారు. గౌరవం కోసం ఒక్కరిని "మీరు" అనడం దాదాపు కనిపించదు. కాబట్టి "మీరు" అని ఉంటే చాలామందితో అన్నట్టు, "నీవు" అని ఉంటే ఒక్కరితో అన్నట్టు. లూకా 22:31, 32 చూడండి. సాతాను గోధుమల్ని జల్లించినట్టు "మిమ్మును" జల్లించాలని కోరుకున్నాడు, అయితే "నీ" నమ్మిక తప్పిపోకుండా "నీకొరకు" వేడుకున్నానని యేసు పేతురుతో అంటాడు. జల్లెడ అందరికీ, ఆ ప్రార్థన మాత్రం మరికొద్ది గంటల్లో ఆయన్ని ఎరుగనని చెప్పబోయే ఒక్క మనిషి కోసం. ఆ ఒక్క అక్షరం తేడా చూసిన రోజున నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

మూడో మెట్టు: పాత మాటలకి ఇప్పటి అర్థం వేయకండి

తెలుగు బైబిల్ పని మన పక్కనే మొదలైంది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. మూడు సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎంతోమంది చేతులు పడ్డాయి. భాష మాత్రం చాలావరకు పాత గ్రాంథికమే. దాని అందం దానిదే, నేను చచ్చేదాకా కీర్తనలు ఆ భాషలోనే చదువుకుంటాను. కానీ కొన్ని మాటలకి ఈరోజు అర్థం మారిపోయింది.

"సమాధానము" అంటే బైబిల్లో శాంతి, క్షేమం. జవాబు కాదు. "నిరీక్షణ" అంటే ఆశ. బస్టాండులో ఎదురుచూడటం లాంటిది కాదు. "శోధన" అంటే పరీక్ష, కొన్నిచోట్ల పాపంలోకి లాగే ఒత్తిడి. "తలాంతు" సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన సంఘాల్లో పాట బాగా పాడితే "దేవుడిచ్చిన తలాంతు" అంటాం. మత్తయి 25లో తలాంతు అంటే డబ్బు తూకం. ఒక తలాంతుకి సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి అని మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల దగ్గర తెలుస్తుంది. అంటే ఏడాదికి 300 రోజులు పని దొరికినా, ఒక్క తలాంతు ఇరవై ఏళ్ల కూలి. ఇప్పుడు మత్తయి 18కి వెళ్లండి. రాజు మాఫీ చేసిన అప్పు పదివేల తలాంతులు. ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నది నూరు దేనారాల కోసం, అంటే మూడు నెలల కూలి కోసం. ఉపాధి పనికెళ్లే అక్కలకి మా కూటంలో ఈ లెక్క వేసి చూపిస్తే, క్షమించడం గురించి వేరే ప్రసంగం అక్కర్లేకపోయింది.

చేయవలసింది ఇంతే. పాత అనువాదంలో తడబడిన మాట కింద గీత గీయండి. వాడుక భాష అనువాదంలో అదే వచనం తీసి పక్కన రాసుకోండి. ఆ మాట అదే పుస్తకంలో ఇంకెక్కడ వచ్చిందో చూడండి.

నాలుగో మెట్టు: ఆ నేల, ఆ వాన

వ్యవసాయం తెలిసినవాళ్లు ఇక్కడ పట్నం వాళ్లకంటే ముందుంటారు. పొట్టును గాలి చెదరగొట్టడం అంటే ఏమిటో, కళ్లంలో తూర్పారబట్టిన మనిషికి విడమరచి చెప్పాలా? దీపం వెలిగించి "కుంచము క్రింద" పెట్టరని మత్తయి 5:15. మన ధాన్యం కొలిచే కుంచాన్నే అనువాదకులు అక్కడ పెట్టారు.

అయితే తెలిసినట్టు అనిపించేచోటే జాగ్రత్తగా ఉండాలి. "తొలకరి వర్షము, కడవరి వర్షము" అనగానే మనకి జూన్‌లో దుక్కి దున్నే వాన గుర్తొస్తుంది. ఇశ్రాయేలు దేశంలో తొలకరి పడేది అక్టోబరు, నవంబరుల్లో. ఎండాకాలమంతా ఎండిపోయిన నేల అప్పుడు మెత్తబడితే విత్తనం వేస్తారు. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో పడి గింజ పాలు పోసుకుంటుంది. పస్కా పండుగ నాటికి యవలు, దాని తర్వాత యాభై రోజులకి వచ్చే పెంతెకొస్తు పండుగ నాటికి గోధుమలు కోతకొస్తాయి. ఆ తర్వాత వేసవి నాలుగైదు నెలలు చినుకు ఉండదు.

ఇది తెలిస్తే ఏమవుతుంది? 1 సమూయేలు 12:17లో సమూయేలు ప్రజలతో, ఇది గోధుమ కోతకాలం కదా, నేను ప్రార్థిస్తే దేవుడు ఉరుముల్ని, వర్షాన్ని పంపుతాడంటాడు. వాన పడింది, జనం గడగడలాడిపోయారు. శ్రీకాకుళంలో కూర్చుని చదివితే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. మనకి కోతలప్పుడు తుపాను వచ్చి చేలో పనలు తడిసిపోవడం ఎన్నిసార్లు చూడలేదు? వాళ్లకి మాత్రం ఆ నెలలో ఉరుము అంటే ఆకాశమే తలకిందులైనట్టు. అందుకే భయపడ్డారు. యాకోబు 5:7లో రైతు ఓపిక మాట కూడా మారుతుంది. ఒక వానకి విత్తి, ఇంకో వాన కోసం నాలుగైదు నెలలు చూసే ఓపిక అది. మన మెట్ట రైతులకి ఆ టెన్షన్ బాగా తెలుసు.

బైబిల్ వెనకాల ఉండే పటాలు అలంకారానికి కాదు. ఊరి పేరు రాగానే పటం తీసి వేలు పెట్టి చూడండి.

ఐదో మెట్టు: ఇది పాటా, సామెతా, కథా, ఉత్తరమా

ఇది తేలికే. "ఆలస్యం అమృతం విషం" అంటాం, "నిదానమే ప్రధానం" అని కూడా అంటాం. రెండూ నిజమే, ఎప్పుడు ఏది వాడాలో తెలిసినవాడే తెలివైనవాడు. సామెతలు 26:4, 5 కూడా అంతే. మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబివ్వవద్దని ఒక వచనం, ఇవ్వమని పక్క వచనం. సామెతను సామెతగా చదవాలి, దాన్ని బాండు పేపరు మీద రాసిన హామీ చేయకూడదు. బాలుడికి నడవవలసిన త్రోవ నేర్పమన్న 22:6ను చూపించి, కొడుకు దారి తప్పిన తల్లిదండ్రుల్ని తప్పుబట్టడం నేను విన్నాను. అది చాలా అన్యాయం.

కథల్లో జరిగినదంతా మనం చేయవలసినది కాదు. యాకోబు ఇద్దరు అక్కచెల్లెళ్లని పెళ్లాడాడని ఉంది, అలా చేయమని లేదు. ఆ ఇంట్లో ఎంత ఏడుపు నడిచిందో ఆ కథే చెబుతుంది.

ఆరో మెట్టు: మిగతా లేఖనం ఏమంటోంది, యేసు ఏమన్నాడు

ఒక వాక్యం మీద సిద్ధాంతం కట్టే ముందు మిగతా బైబిల్‌ని అడగండి. కష్టం వస్తే పాపం వల్లే అన్న బిల్దదు మాట ఇంకా బతికే ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే ఇంటికెళ్లి "ఏదో ఒప్పుకోని పాపం ఉంటుంది" అనేవాళ్లు ఉన్నారు. లూకా 13లో సిలోయము గోపురం పడి చనిపోయిన 18 మంది మిగతా అందరికంటే పాపులా అని యేసే అడిగి, కాదని తానే చెప్పాడు. యోహాను 9లో గుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు. యోబు గ్రంథం చదివి, ఈ రెండు చోట్లకీ వచ్చి, తర్వాత ఆ రోగి మంచం దగ్గరికెళ్లండి. మీ నోటి మాట మారుతుంది.

తిరిగి లేచిన యేసు ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులకి మోషే దగ్గర్నుంచి మొదలుపెట్టి లేఖనాలన్నిటిలో తన గురించి ఉన్నవి చెప్పాడని లూకా 24:27. కాబట్టి పాత నిబంధన చదివిన ప్రతిసారీ, ఇది ఆయన దగ్గరికి ఎలా వెళుతుంది అని అడగాలి. ప్రతి మేకులోనూ సిలువను వెతకమని కాదు. కథ ఎటు నడుస్తోందో చూడమని.

ఏడో మెట్టు: ఇప్పుడు మన ఇంటికి

ఇన్ని మెట్లు ఎక్కాకే "నాకేంటి" అని అడగాలి. యిర్మీయా 29:11 తీసుకుందాం. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఇది కూడా కార్డుల మీద ఉంటుంది. ఎవరన్నారు? దేవుడే. ఎవరితో? బబులోనుకు చెరపట్టుకుపోయిన జనంతో, "మీరు" అని, అందరితో కలిపి. ఎప్పుడు? 29:10లో డెబ్బై ఏళ్లు పడుతుందని చెప్పిన వెంటనే. అంటే విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే కన్నుమూస్తారు. మరి ఈలోగా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మీరు ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని 5 నుంచి 7 వచనాలు.

మన జిల్లాల్లో వలస వెళ్లని ఇల్లు ఎక్కడుంది? హైదరాబాద్‌లో భవనాల పని, చెన్నైలో రొయ్యల కంపెనీ, గుజరాత్ తీరంలో పడవలు. అద్దె గదిలో ఉన్న తమ్ముడికి ఆ వాక్యం ఒక్కటే వాట్సాప్‌లో పంపితే "తొందర్లో ఇంటికొచ్చేస్తావు" అని అర్థం చేసుకుంటాడు. ఉత్తరం మొత్తం పంపండి. నువ్వున్న చోటే వేళ్లూనుకో, ఆ ఊరి కోసం ప్రార్థించు, నీ వాళ్లని దేవుడు మర్చిపోలేదు అన్న మాట వాడికి అందుతుంది.

ఒంటరిగా వద్దు

వారంలో ఒక రాత్రి నలుగురు కలిసి చదవండి. ఒకరు గట్టిగా చదవాలి, రెండుసార్లు. తర్వాత పుస్తకాలు మూసేసి, చదువు రానివాళ్లని ముందు చెప్పమనండి, ఏం జరిగిందో వాళ్ల మాటల్లో. మా కూటంలో అన్నిటికంటే మంచి ప్రశ్నలు వాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. అర్థం కానిది రాసి పెట్టుకుని పాస్టరు గారిని అడగండి. అడగడం అవిధేయత కాదు. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పింది కూడా అలా ఉందో లేదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు, దానికి వాళ్లని ఘనులన్నారు.

వాగ్దానం కార్డులు మానేయాలా అని అడుగుతారు. మానక్కర్లేదు. జనవరి 1న కార్డు రాగానే ఆ అధ్యాయం మొత్తం ఆ రోజే చదవండి. ఆ నెలలో ఆ పుస్తకం మొత్తం చదవండి.

నేను మళ్లీ ఆ మామ్మ దగ్గరికి డిసెంబరులో వెళ్లాను. ఆ మాట దేవుడిది కాదు, బిల్దదుదని చెప్పి, క్షమించమన్నాను. "అయితే యోబు ఏటన్నాడో సదువు" అంది. ఇద్దరం కూర్చున్నాం. 14వ అధ్యాయం వచ్చేసరికి చీకటి పడింది. వృక్షం నరకబడినా తిరిగి చిగురుస్తుందని నమ్మకం ఉంది అని చదివి, ఇది మాత్రం మంచి ఆదరణ కదా మామ్మా అన్నాను.

ఆమె తోట వైపు చూసింది. "జీడి సెట్టు సిగురేస్తాది, పనస సిగురేస్తాది. కొబ్బరికి మొవ్వు ఇరిగితే మరి సిగురెయ్యదు బాబూ. కింద ఏటుందో సదువు."

చదివాను. అయితే నరులు మరణమై కదలకుండా పడి ఉంటారని ఉంది.

"అదీ. సెట్టుకున్నపాటి ఆశ కూడా తన పిల్లలకి లేదని ఏడస్తన్నాడు. ఆపకు, ఇంకా సదువు."